జానెడు లోపలికి

కోత 301

పక్కింటి నూకరాజు అన్నయ్య గొర్రె ఇవాళ కూడా పదకొండుముప్పావు కిలోలే తెచ్చింది. వరసగా ఇది నాలుగోసారి.

తీగ మేస్త్రి చిట్టా రాయాలన్నది పైలంకలో నియమం. ఏ ఇంటి తీగ ఎక్కడ తెగింది, ఎలా అతికాం, ఎన్ని మేకులు కొట్టాం, అంతే. పంతొమ్మిదేళ్ళుగా రాస్తున్నాను, ఒక్కరూ తెరిచి చూసిన పాపాన పోలేదు. అందుకే మిగతాది కూడా ఇందులోనే రాస్తున్నాను. నోటితో చెప్పే ధైర్యం లేని మనిషికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

పొద్దున తూకం దగ్గర నేనూ ఉన్నాను. మా వరుసలో ముప్ఫై ఒక్క గొర్రెలూ మేత ముగించి, బుద్ధిగా వచ్చి సంచీలు దింపుతున్నాయి. వాటి పేరు కోత యంత్రం. ఆ పేరుతో ఎవరూ పిలవరు. చక్రాల మీద తిరుగుతూ గడ్డి మేస్తుంది, హద్దు వెంట నేలలో పాతిన తీగ దగ్గరికి రాగానే వెనక్కి తిరుగుతుంది, కాబట్టి గొర్రె. నా గొర్రె పద్నాలుగుంపావు తెచ్చింది. ఎవరో చప్పట్లు కొట్టారు. నూకరాజు అన్నయ్య సంచీ కాటా మీద పెట్టి, ముల్లు పన్నెండు దాకా వెళ్తుందేమోనని మెడ చాపి చూశాడు. వెళ్ళలేదు.

నాలుగు రోజులకో కోత. ప్రతి కోతకీ పన్నెండు కిలోల గడ్డి పెరిగితేనే ఆ ఇంటివాళ్ళు పీల్చే గాలి ఆ ఇంటి ముందు ఊరినట్టు. వరసగా పది కోతలు తగ్గితే ఇల్లు ఖాళీ చేసి అడుగు అంతస్తుకి దిగిపోవాలి. అక్కడ గొట్టాల్లో వచ్చే గాలి. ఆయన భార్య మంగతాయారు వదినకి ఊపిరితిత్తులు సగం పనిచెయ్యవు. అడుగున ఉన్నప్పుడు ఆరు నెలలు మంచం దిగలేదు. గడ్డి పక్కన పడుకోకపోతే బతకదని వైద్యురాలు రాసిచ్చాక ఇక్కడ ఇల్లు దొరికింది. అలాంటి చీటీ పట్టుకుని కింద ఇంకా పద్దెనిమిది మంది ఎదురుచూస్తున్నారు, అందుకే ఎవరికీ మినహాయింపు లేదు.

వస్తూ వస్తూ ఆయన నా పక్కన నడిచాడు. నా గడ్డికేదో తెగులొచ్చినట్టుంది, నువ్వోసారి చూడు చెల్లెమ్మా అన్నాడు. చూస్తానన్నాను. దొంగకి తేలు కుట్టినట్టయింది నా పని.

కోత 302

ఐదోసారి. పదకొండుముప్పావు.

రాయాల్సింది రాసేస్తాను. ఆయన గడ్డికి ఏ తెగులూ లేదు. ఆయన గడ్డి మూడడుగుల మేర నా గొర్రె మేస్తోంది.

ఏడాది కిందట ఆయన కలుపు తవ్వుతుంటే పలుగు తగిలి తీగ తెగింది. మా రెండు ఇళ్ళ మధ్యన ఆయన తీగా నా తీగా పక్కపక్కనే పోతాయి. తెగినచోట ముక్క అతికి, అదే గాడిలో కప్పెట్టి వచ్చెయ్యాలి. పావుగంట పని. ఆ వైపు తీగంతా పాతబడింది, మొత్తం మళ్ళీ వేస్తానన్నాను. నాకు నిమ్మనీళ్ళు తేవడానికి ఆయన లోపలికి వెళ్ళాడు. నా చెయ్యి పారను జానెడు లోపలికి, ఆయన వైపుకి దించింది. ఆయన తీగ జానెడు వెనక్కి వెళ్ళింది, నా తీగ జానెడు ముందుకొచ్చింది. నిమ్మనీళ్ళు తాగి, బాగున్నాయని చెప్పి ఇంటికొచ్చాను.

మా నాన్నమ్మ ఇంతే. గోదారి లంకల్లో ఉన్న రోజుల్లో, దుక్కికి ముందు గట్టు మీద గడ్డి చెక్కుతున్నట్టు కనపడుతూ మా వైపు గట్టును బెత్తెడు చెక్కేది, ఆ మన్ను అవతలి వైపు మెత్తేది. ఏడాదికి బెత్తెడు. అవతలివాళ్ళూ తక్కువ తినలేదు, వాళ్ళ వంతు వచ్చినప్పుడు వాళ్ళూ చెక్కేవారు. లంకల్లో తలకాయలు పగిలినవి సగం గట్ల దగ్గరే. ఇప్పుడా లంకలూ గట్లూ ఉప్పునీళ్ళ కింద ఉన్నాయి. మేము భూమి వదిలి పైకొచ్చి నలభై ఏళ్ళయింది. ఇక్కడ నేల ఎవరిదీ కాదు. అమ్ముకోలేం, పిల్లలకి రాసివ్వలేం. ఆ గడ్డి కూడా చేపల చెరువుల్లోకి పోతుంది, నా ఇంట్లోకి పరక రాదు. అయినా జరిపాను. సిగ్గులేని చెయ్యి.

ఒక్కసారి అయితే పోనీలే అనుకోవచ్చు. మేకులు వదులయ్యాయని ఒకసారి, గాడిలో నీరు నిలుస్తోందని ఒకసారి, ఇంకా మూడుసార్లు జరిపాను. నాలుగు జానలు. రెండోసారికే నా ఇంటి గుమ్మానికి పచ్చ జెండా కట్టారు, వరుసలో అందరికంటే ఎక్కువ గడ్డి నాదేనని. ఆ జెండా కింద నిలబడి వచ్చేపోయేవాళ్ళతో కబుర్లు చెప్పాను. నీళ్ళెలా పెడతావమ్మా అని అడిగితే విధానం కూడా వివరించాను. మూడోసారికి ఆయన తూకం సరిగ్గా పన్నెండు దగ్గరికొచ్చింది. తూకం దగ్గర నిలబడి చూసినదాన్ని, నాకు తెలియకపోవడమేమిటి. నాలుగో జానెడు ఇరవై రోజుల కిందట జరిపాను.

కోత 304

ఏడోసారి.

పద్నాలుగో ఇంట్లోకి కొత్త కాపురం వచ్చింది. వాళ్ళ గొర్రెకి తీగ వెయ్యాలి. పని చూస్తే తన తప్పేమిటో తెలుస్తుందని నూకరాజు అన్నయ్య కూడా వచ్చాడు. వద్దనలేకపోయాను.

ముందు గడ్డి పొట్టిగా కత్తిరించాను, లేకపోతే తీగ నేలకి అంటదు. గోడకి మూరెడు ఎడం వదలాలి, పక్కింటి వైపు మాత్రం సరిగ్గా హద్దు మీదే వెయ్యాలి. మూలల్లో మడత పెట్టకూడదు, గుండ్రంగా తిప్పాలి. అలా తిప్పకపోతే గొర్రె మూలలో ఇరుక్కుని పిచ్చిదానిలా గింగిరాలు కొడుతుంది. మూరకో మేకు. రెండు కొసలూ తెచ్చి గొర్రె దొడ్డిలో బిగించి, పచ్చ దీపం వెలిగిందో లేదో చూసుకోవాలి. తర్వాత గొర్రెను తీగ వెంట ఒక చుట్టు తిప్పితే, అది తన మేర పటం గీసుకుంటుంది. ఇదంతా నేను చెబుతుంటే ఆయన మేకులు అందిస్తూ, మధ్యమధ్య తన అరచేతి మీద వేలితో రాసుకుంటున్నాడు. అరవై మూడేళ్ళ మనిషి.

పచ్చ దీపం వెలిగింది. కొత్తవాళ్ళ ఆవిడ, హద్దు సరిగ్గానే వచ్చిందాండీ అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన అందుకున్నాడు.

"అచ్చియ్యమ్మ వేసిందంటే దారం పట్టి చూడక్కర్లేదమ్మా. ఈ వరుసలో ఎవరం ఎప్పుడూ కొలుచుకోలేదు."

నా తల కొట్టేసినట్టయింది. మేకుల సంచీ తీసుకుని, దాహమేస్తోందని చెప్పి వచ్చేశాను.

కోత 305

ఎనిమిదోసారి. ఇవాళ మాత్రం ముల్లు పన్నెండు దాటింది. మంగతాయారు వదిన గుమ్మంలో కూర్చుని చూస్తోంది. ఆయన ముఖం వెలిగిపోయింది. మా వరుస పెద్ద సూర్యావతి సంచీలో చెయ్యి పెట్టి గుప్పెడు గడ్డి తీసింది. నలభై దాటని పిల్ల, గద్దలాంటి చూపు. గొర్రె కోసిన పరక కొస నలిగి ఉంటుంది. ఆమె చేతిలో ఉన్నవాటిలో కొన్ని కొసలు నున్నగా ఉన్నాయి.

ఆయన గోడ అంచుల్లో, మెట్ల పక్కన, గొర్రెకి అందనిచోట మోకాళ్ళ మీద పాకుతూ బట్టల కత్తెరతో కోశాడు. మూడు గుప్పెళ్ళు. సూర్యావతి వాటిని వేరు చేసి పక్కన పెట్టింది. చేత్తో కోసింది లెక్కలోకి రాదు బాబాయ్ అంది. గట్టిగా కూడా అనలేదు. అక్కడున్న ముప్ఫై మందీ కాళ్ళ వంక చూసుకున్నారు. ఆయన కత్తెర జేబులో ఉందని గుర్తొచ్చి, తీసి కాటా పక్కన పెట్టేశాడు. దొంగ సొత్తు అప్పగించినట్టు పెట్టాడు.

దొంగను నేను, పచ్చ జెండా ఉన్న ఇంటిదాన్ని, ఆయనకి నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. అప్పుడైనా చెప్పాలి. చెప్పలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎండ దింపే అద్దాల వెలుగు తగ్గించి, రెండు గంటలు అందరూ నడుం వాలుస్తారు. అప్పుడు పార పట్టుకుని బయటికొచ్చాను. మూడడుగులూ వెనక్కి జరిపేశాను. ఆయన తీగ, నా తీగ, రెండూ మొదట ఉన్న చోటికి. హడావుడిలో వేళ్ళు తెగిపోయాయి. పాత మేకులు పీకే వ్యవధి లేక ఆయన గడ్డిలోనే వదిలేసి, హద్దు మీద కొత్తవి కొట్టాను. తీగ మారితే పాత పటం గొర్రెల్లోంచి తుడిచెయ్యాలి. రెండింటిలోనూ తుడిచేశాను. లేచేసరికి మనసు ఎంత తేలికైందో. ఎవరికీ తెలియకుండా తప్పు దిద్దేశాను, ఇక రెండు కోతల్లో ఆయన తూకం పదమూడుకి వస్తుంది, అందరం హాయిగా ఉంటాం అనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనని అప్పటికి తట్టలేదు.

కోత 306

పదకొండున్నర. పెరగకపోగా తగ్గింది.

ఆలోచిస్తే ఇది తెలియని విషయమా. నేను తిరిగిచ్చిన మూడడుగుల్లో నా గొర్రె ఆయన గొర్రె కంటే పొట్టిగా, రెండు వేళ్ళ ఎత్తుకి కోసేసింది, అక్కడింకా గడ్డి లేవలేదు. తీగ పీకినచోట వేళ్ళు తెగి ఆ గడ్డి పసుపు తిరిగింది. ఆయన గడ్డి మధ్యన, హద్దుకి మూడడుగుల లోపల, అరవై అడుగుల పొడవునా ఒక పసుపు గీత.

నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి చూపించాడు. చూశావా చెల్లెమ్మా, తెగులు బయటపడింది అన్నాడు. ఆ గీత పొడవునా చెంబుతో నీళ్ళు పోస్తున్నాడు.

కోత 307

పదకొండుముప్పావు. పదోసారి.

రేపు సభ.

సభ రోజు, సాయంత్రం

ఉన్నదున్నట్టు రాస్తాను.

తూకం చావిడిలో వరుస అంతా కూర్చున్నాం. సూర్యావతి పది కోతల తూకాలూ చదివింది. పసుపు గీత గురించి కూడా చెప్పింది. అది తెగులైతే పక్క ఇళ్ళకీ పాకుతుంది, కాబట్టి ఆలస్యం చెయ్యకూడదంది. నూకరాజు అన్నయ్య లేచి, తాను చేతనైనంత చేశానని, చేతకాలేదని, అందరూ క్షమించాలని అన్నాడు. ఆయన పక్కన మంగతాయారు వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు ఆపుకుంటోంది. అప్పుడు లేచాను. తీగ జరిపింది నేను, నాలుగు జానలు, ఆ గడ్డి నా గొర్రె తినేసింది, ఆయన తప్పేమీ లేదు అన్నాను.

ఎవరో పెద్దాయన, ఎంత మంచి మనసమ్మా నీది అన్నాడు. వెనక నుంచి ఇంకెవరో, పక్కింటివాళ్ళ కోసం నింద మీదేసుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎవరున్నారన్నారు. సూర్యావతి కూడా తల ఊపింది. కావాలంటే గొర్రెల పటాలు చూడమన్నాను. వెళ్ళి చూసొచ్చారు. రెండింటిలోనూ తీగ సరిగ్గా హద్దు మీదే ఉంది. నేనే తుడిచి, నేనే గీయించిన పటాలు. తెలివితేటలు ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

నూకరాజు అన్నయ్య నా దగ్గరికొచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్ళ నిండా నీళ్ళు.

"నాకోసం అబద్ధమాడకమ్మా. నీ పేరు పాడైపోతాది. కిందకెళ్ళినా మేం ఎలాగోలా బతుకుతాం."

అంతకంటే ఆయన నా చెంప పగలగొట్టి ఉంటే హాయిగా ఉండేది. నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. కోపం ఎవరి మీదో నాకే తెలియదు. రండి అందరూ, చూపిస్తాను అని బయటికి నడిచాను. ముప్ఫై ఇళ్ళవాళ్ళూ వెనకాలే వచ్చారు.

ఆయన గడ్డి దగ్గర మూడు వైపులా తీగ పట్టుకుని లాగి చూపించాను. కదల్లేదు. తీగ వేసిన మూణ్ణెల్లకి గడ్డి వేళ్ళు దాన్ని కరిచి పట్టుకుంటాయి, గునపం లేనిదే రాదు. నాలుగో వైపు, మా రెండిళ్ళ మధ్యన, వేలికి చుట్టి లాగాను. జాకెట్టు కుట్టు ఊడినట్టు సర్రున పైకొచ్చింది. పదిరోజులు కాని తీగ. అప్పుడు పార తీసుకుని పసుపు గీత మీద తవ్వాను. మొదటి మేకు పైకొచ్చింది. మూరెడు జరిగి తవ్వితే రెండోది. మూడోది. నేను తప్ప పైలంకలో అలాంటి మేకులు ఎవరి దగ్గరా ఉండవు. ఎనిమిదో మేకు దగ్గర సూర్యావతి చాలు అంది.

"కంచే చేను మేసిందన్నమాట" అంది. ఆ తర్వాత చాలా మామూలుగా, "ఎందుకండీ?" అని అడిగింది.

అందరూ నా నోటి వంక చూస్తున్నారు. జెండా కోసమని చెబితే అబద్ధమవుతుంది, మొదటి జానెడు జరిపినప్పటికి జెండా లేదు. నేల కోసమంటే, ఇక్కడ నేల ఎవరిదీ కాదు. నాన్నమ్మ పేరు చెప్పబోయి మానుకున్నాను, చచ్చిపోయిన మనిషి మీదకి నెట్టడం ఇంకా నీచం. తెలీదన్నాను. ఎప్పుడూ నవ్వు ముఖంతో ఉండే మనిషి నూకరాజు అన్నయ్య, ఆయన ముఖంలో మాత్రం ఏమీ లేదు. చేతిలో ఉన్న నీళ్ళ చెంబు కింద పెట్టి, భార్యను నడిపించుకుంటూ ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

వాళ్ళ ఇల్లు వాళ్ళకే ఉంటుందని తీర్మానించారు. నాకేం శిక్ష వెయ్యాలో తెలియక గంటసేపు నియమాల పుస్తకం తిరగేశారు. తూకంలో మోసానికి శిక్ష ఉంది, నీళ్ళ దొంగతనానికి ఉంది. హద్దు జరిపినందుకు ఏమీ లేదు. అలాంటి పని ఎవరైనా చేస్తారని రాసినవాళ్ళకి తోచలేదు. జెండా మాత్రం నేనే విప్పి ఇచ్చేశాను.

కోత 308

హద్దు తీగ మళ్ళీ వెయ్యాలి. వెయ్యడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. పొద్దున్నే వెళ్ళేసరికి మంగతాయారు వదిన హద్దు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. నేను నమస్కారం పెట్టాను. ఆమె నా చేతులు మాత్రమే చూస్తోంది.

వేశాను. నా జన్మలో అంత తిన్నగా ఎప్పుడూ వెయ్యలేదు. నలభై మేకులు. అయిపోయిందని చెబితే నూకరాజు అన్నయ్య ఒక కర్ర పట్టుకొచ్చాడు, జానకో గాటు పెట్టిన కర్ర. మొదటి మేకు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, గోడ నుంచి కొలిచాడు. రెండో మేకు దగ్గరికి జరిగాడు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి, ప్రతిసారీ నేలకి చెయ్యి ఆనించి లేస్తున్నాడు. నేనూ వంగి సాయం చేద్దామనుకున్నాను. కుర్చీలోంచి వదిన, అక్కడే ఉండండి అంది.

నలభై మేకులూ కొలిచాడు. అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆయన తూకం చూస్తే పన్నెండుంపావు. సంతోషం కలిగింది, అది చెప్పుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియలేదు. వదిన ఇవాళ పగలంతా గడ్డి పక్కనే కూర్చుంది, మూడుసార్లే దగ్గింది. లెక్కపెట్టాను.

కోత 309

పొద్దున తలుపు తీసేసరికి వరుస అంతా గడ్డిలో ఉంది. ఒక్కొక్కరి చేతిలో ఒక్కో కర్ర. దారాలు, బట్టల తీగలు, ఒకాయన అయితే నడుముకి కట్టుకునే బెల్టు. ముప్ఫై ఇళ్ళవాళ్ళూ నేను వేసిన తీగలు కొలుచుకుంటున్నారు. నేను జరిపింది ఒక్క నూకరాజు అన్నయ్య తీగే. మిగతా తీగలన్నీ దేవుడి ముందు దీపం పెట్టినంత జాగ్రత్తగా వేశాను. ఆ మాట ఇప్పుడు ఎవరితో అనాలి.

తొమ్మిదో ఇంటి లోవరాజుకీ పదో ఇంటి వీరలక్ష్మికీ మాటా మాటా పెరిగింది. నీ తీగ నా వైపుకి నాలుగు వేళ్ళ మేర వచ్చిందని ఆయన, కర్ర వంకరగా పెట్టి కొలుస్తున్నావని ఆవిడ. పదకొండేళ్ళు ఒకే వాకిట్లో కూరలు మార్చుకున్న ఇళ్ళు. మీ వాళ్ళ బుద్ధులు లంకల్లోనే తెలుసులే అంది వీరలక్ష్మి. లంకలు చూసిన మనిషి కాదు ఆవిడ, పైలంకలోనే పుట్టింది. లోవరాజు పార తెచ్చాడు.

ఆ తీగ వేసిన రోజు నాకు బాగా గుర్తుంది. రెండుసార్లు విప్పి వేశాను. వెంట్రుకవాసి తేడా లేదు. వాళ్ళ మధ్యకి వెళ్ళి నిలబడ్డాను.

"తీగ సరిగ్గానే ఉంది లోవరాజూ. నేనే వేశాను" అన్నాను.

ఇద్దరూ అరవడం ఆపి నా వంక చూశారు. ఆ తర్వాత, నేను అక్కడ లేనట్టే, ఒకళ్ళ వంక ఒకళ్ళు తిరిగారు. లోవరాజు నా పాదాల పక్కనే పార దించి, తీగ పైకి తీశాడు.

ఇంటికొచ్చి ఇది రాస్తున్నాను. బయట ఇంకా కొలుస్తున్నారు.